అల్లిక వస్త్రమునకు పేరు, పేరునకు సుంకము



ఓడరేవున దిగిన సరకునకు సుంకము చెల్లింపవలెనని మనలో నెఱుగనివారు లేరు. ఆ సుంకమెంత యని యడిగినచో, వస్తువు వెలను బట్టి యని చాలమంది చెప్పుదురు. ఈ యుత్తరము సగము మాత్రమే సత్యము. వెలకంటె ముందు తేలవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. ఆ వస్తువు పేరేమి? అది యే జాతికి జెందినది? ఇది తేలినగాని వెలపై నూటికెంత వేయవలెనో సుంకాధికారికి దెలియదు. ఒకే వెలగల రెండు అల్లిక చొక్కాలను ప్రక్కప్రక్కన బెట్టినచో మన కన్నులకు వానియందు భేదమేమియు గానరాకపోవచ్చును. కాని యమెరికా దేశపు రేవున నొకదానికి నూటికి 16.5 వంతున, రెండవదానికి నూటికి 32 వంతున సుంకము పడవచ్చును. ఇందుకు గారణము అధికారి యిష్టానిష్టములు గావు. నూలులోని పాళ్లు, అల్లికలోని కన్నులు, కుట్టులోని తీరు, ఈ మూడింటిని బట్టి శాస్త్రమువంటి యొక నియమావళి ఆ వస్త్రమునకు బేరు నిర్ణయించుచున్నది. పరదేశమున దిగుమతి యగు స్త్రీల అల్లిక దుస్తులకు ఆ పేరెట్లేర్పడునో నేడు విన్నవింపదలచితిని.

పల్లెలయందుండు మనకీ విచారమేల యని కొందఱు తలంపవచ్చును. మన పొలములలో బండిన ప్రత్తియే నూలై, బట్టయై దేశాంతరములకు బోవుచున్నది. తమిళనాడులోని తిరుప్పూరు పట్టణము ప్రత్తి అల్లిక దుస్తుల యెగుమతికి బేరెన్నిక గన్నది. అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురమునందలి దుస్తుల కర్మాగారములలో వేలకొలది మన యాడుబిడ్డలు పనిచేయుచున్నారు. పరదేశపు వర్తకుడు సుంకము పోను తనకెంత మిగులునో ముందుగా లెక్కవేసికొని యాపైని కొనుగోలు ధర చెప్పును. ఆ లెక్క తప్పినచో నష్టము మొదట వర్తకునిపై బడినట్లు కానవచ్చినను, కడపట కుట్టుకూలి మీదికే దిగివచ్చును. చదువుకొన్న కుఱ్ఱవాడొకడు ఎగుమతి వ్యాపారమునకు అప్పు గావలెనని యూరిపెద్దల హామీ కోరవచ్చినపుడు, వాని నడుగవలసిన ప్రశ్నలలో నిది మొదటిది: "నాయనా, నీ సరకునకు సుంకపు పట్టికలో బేరేమి?"

ఈ విధానము మన దేశమునకు గ్రొత్తది గాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున రెండవ యధికరణములో శుల్కాధ్యక్షుడను నధికారి విధులు చెప్పబడినవి. వస్తుజాతిని బట్టి సుంకపు వంతులు వేఱువేఱుగా విధింపబడినవి. మన యాంధ్రదేశముననే కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవునందు, సముద్రవ్యాపారులకు అభయమిచ్చుచు శాసనము వేయించెను. అంతకు బూర్వము గాలివానకు ఒడ్డునబడిన ఓడల సరకును రాజులు బలవంతముగా గైకొనుచుండిరి. అట్టి దౌర్జన్యమిక జరుగదనియు, నిర్ణయించిన సుంకము మాత్రమే గైకొందుమనియు ఆ శాసనము హామీ యిచ్చినది. చందనము, కర్పూరము, ముత్యములు మొదలగు వస్తువుల పేర్లు చెప్పి వానివాని సుంకములు నిర్ణయించినది. వర్తకునికి గావలసినది తక్కువ సుంకము మాత్రమే కాదు, ముందుగా దెలిసిన సుంకము. ఈ మర్మమును ఆ చక్రవర్తి యెఱిగియుండెను. నేటి ప్రపంచపు సుంకపు పట్టికయు నా యుద్దేశముతోనే యేర్పడినది.

పూర్వము దేశమునకొక పట్టిక యుండెడిది. ఒక దేశమున రవిక యనబడినది మఱియొక దేశమున చొక్కా యనబడుచుండెను. ఈ గజిబిజిని దొలగించుటకు 1983 జూను నెలలో బెల్జియము రాజధాని బ్రస్సెల్సు నగరమున నొక యంతర్జాతీయపు ఒడంబడిక కుదిరెను. అది 1988 జనవరి 1వ తేదీనుండి యమలులోనికి వచ్చినది. దీనికి హార్మొనైజ్డ్ సిస్టమ్ అని పేరు. సమన్వయ వర్గీకరణమని మనము చెప్పుకొనవచ్చును. ప్రపంచమందలి 200కు మించిన దేశములును ఆర్థికమండలములును దీనిని వాడుచున్నవి. ఇందు 21 విభాగములు, 97 సంఖ్య వఱకు అధ్యాయములు గలవు. 77వ అధ్యాయము మాత్రము భవిష్యత్తు కొఱకు ఖాళీగా నుంచబడినది. ప్రతి వస్తువునకు ఆరంకెల సంఖ్య యొకటి యుండును. మొదటి రెండంకెలు అధ్యాయమును, నాలుగంకెలు శీర్షికను, ఆరంకెలు ఉపశీర్షికను దెలుపును. ఆ యారంకెలు అన్ని దేశములకు నొక్కటే. ఆపైని భారతదేశము రెండంకెలు చేర్చి ఎనిమిదిగను, అమెరికా నాలుగంకెలు చేర్చి పదిగను వ్రాసికొనుచున్నవి. సుంకపు వంతును మాత్రము ఏ దేశమునకా దేశమే నిర్ణయించుకొనును. అనగా పేరు లోకసామాన్యము, రుసుము దేశవిశేషము.

వస్త్రములన్నియు పదునొకండవ విభాగమున, 50 మొదలు 63 వఱకు గల అధ్యాయములలో నున్నవి. దుస్తులకు ముఖ్యముగా రెండధ్యాయములు. 61వది అల్లిక దుస్తులకు, 62వది అల్లికగాని దుస్తులకు. కాబట్టి యధికారి యడుగు మొదటి ప్రశ్న, ఈ బట్ట అల్లినదా, నేసినదా యని. నేతయందు పడుగు, పేక యను రెండు వరుసల నూలు ఒకదాని నొకటి అడ్డముగా దాటుచుండును. అల్లికయందు పడుగుపేకలు లేవు. నూలుపోగు ఉచ్చుగా వంగి, ఆ యుచ్చులోనుండి మఱియొక యుచ్చు వెడలి, గొలుసువలె బట్ట యేర్పడును. మన మగ్గపు చీర నేత. మన బనీను అల్లిక. లాగినచో సాగి, విడిచినచో మరల దగ్గఱకు జేరు గుణము అల్లికకు సహజము. చేతితో నల్లినను, యంత్రముతో నల్లినను, క్రోషియా సూదితో నల్లినను అన్నియు 61వ యధ్యాయమే.

ఈ సామాన్యవిధికి అపవాదములు గలవు. వక్షమునకు ఆధారమిచ్చు లోదుస్తులు, నడుమునకు బిగించు పట్టీలు మొదలగునవి అల్లికవైనను 62వ యధ్యాయమందలి 6212 శీర్షికకే చెందును. ధరించి విడిచిన పాతబట్టలు మూటలుగా వచ్చినచో 6309 శీర్షికకు బోవును. శరీరపు టెత్తు 86 సెంటీమీటర్లు మించని పసిబిడ్డల అల్లిక దుస్తులకు 6111 అను ప్రత్యేక శీర్షిక యున్నది. ఆ దుస్తు మఱియొక శీర్షికకు గూడ తగియున్నట్లు కనబడినను పసిబిడ్డల శీర్షికయే నెగ్గును.

రెండవ ప్రశ్న, ఈ దుస్తు స్త్రీలదా, పురుషులదా యని. ముందు భాగమున గుండీలు పెట్టుకొనునపుడు ఎడమ యంచు కుడి యంచుపైకి వచ్చినచో అది పురుషులదిగను, కుడి యంచు ఎడమ యంచుపైకి వచ్చినచో స్త్రీలదిగను భావింపవలెనని 61వ యధ్యాయపు తొమ్మిదవ టిప్పణి చెప్పుచున్నది. కత్తిరింపు తీరును బట్టి యెవరి కుద్దేశింపబడినదో స్పష్టమైనచో ఈ గుండీల నియమము వర్తింపదు. ఏ విధముగను తేలనిచో దానిని స్త్రీల దుస్తుల శీర్షికయందే చేర్పవలెను. అనగా సందేహస్థితిలో స్త్రీపక్షమే గ్రాహ్యమని విధి. టీ షర్టులకు గల 6109, స్వెట్టర్లకు గల 6110 శీర్షికలలో మాత్రము ఆరంకెల వఱకు స్త్రీపురుష భేదమే లేదు.

మూడవ ప్రశ్న, ఇది యే దుస్తు అని. స్త్రీల పైకోటులకు 6102. గౌనులు, లంగాలు, పంట్లాములు, పొట్టికోటులకు 6104. రవికలు, చొక్కాలకు 6106. లోపావడలు, రాత్రి ధరించు దుస్తులకు 6108. ఎందును జేరని వానికి 6114, అనగా "ఇతర దుస్తులు". ఈ పేర్ల భేదము మాటల భేదము మాత్రమే యని భ్రమపడగూడదు. అమెరికా పట్టికయందలి సాధారణపు వంతులను జూడుడు. ఒకే ప్రత్తినూలు, ఒకే అల్లికయంత్రము, ఒకే కర్మాగారము అనుకొందము. ఆ బట్టతో రాత్రి ధరించు దుస్తు కుట్టినచో నూటికి 8.5. ఇతర దుస్తులలో జేరు పైతొడుగైనచో 10.8. గౌను కుట్టినచో 11.5. టీ షర్టైనచో 16.5. రవికయైనచో 19.7. బట్ట మాఱలేదు, పేరు మాఱినది.

రవికకును స్వెట్టరుకును భేదమెక్కడ? ఇచ్చట నియమావళి మిక్కిలి సూక్ష్మమైనది. నడుమునకు దిగువ జేబులున్నను, క్రిందియంచున బిగువుగా నుండు పట్టీ అల్లినను, లేదా బిగించుటకు మఱియే సాధనమున్నను ఆ దుస్తు 6106 శీర్షికకు జెందదు. అల్లిక కన్నులు పెద్దవైనను అంతే. కన్నులను లెక్కించుటకును విధానము గలదు. కనీసము పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు గల బట్టను దీసికొని, నిలువునను అడ్డమునను కన్నులు లెక్కింపవలెను. రెండు దిక్కులందును సగటున సెంటీమీటరునకు 10 కన్నులకు దక్కువైనచో అది రవికగాని చొక్కాగాని కానేరదు. అట్టి ప్రత్తి దుస్తు స్వెట్టర్ల జాతిలో జేరినచో సుంకము 19.7 నుండి 16.5కు దిగును. నూఱు డాలర్ల సరకునకు మూడు డాలర్లకు మించిన భేదము క్రిందియంచు పట్టీ యొక్కదానిపై నాధారపడియున్నది. కుట్టుపనివారికి పరదేశపు వర్తకుడు పంపు కొలతల కాగితములో నంచుపట్టీ యింత వెడల్పుండవలెనని పట్టుబట్టుటకు గారణము కొన్నిసార్లు సొగసు గాదు, సుంకము.

నాల్గవ ప్రశ్న నూలును గూర్చినది. నా యభిప్రాయమున ఎక్కువ నష్టమునకు గారణమగునది యిదియే. ప్రత్తి, గొఱ్ఱెబొచ్చు, పట్టు, పాలియెస్టరు మొదలగు పలు నూళ్లు కలిసిన బట్టను, బరువులో మిగిలిన ప్రతిదానికంటె నెక్కువగానున్న నూలు ఒక్కదానితోనే చేసినట్లు భావింపవలెనని విధి. సగమునకు మించనక్కఱ లేదు. ప్రత్తి 40 పాళ్లు, గొఱ్ఱెబొచ్చు 30 పాళ్లు, పాలియెస్టరు 30 పాళ్లు ఉన్నచో అది ప్రత్తిబట్టయే. ఇక్కడ సుంకపు భేదమెంతయో చూడుడు. ప్రత్తి టీ షర్టునకు నూటికి 16.5. పాలియెస్టరు మొదలగు కృత్రిమ నూళ్లదైనచో నూటికి 32. ఐదు డాలర్ల వెలగల టీ షర్టులు వేయి పంపితిమనుకొనుడు. మొత్తము వెల 5,000 డాలర్లు. ప్రత్తి 52, పాలియెస్టరు 48 పాళ్లైనచో సుంకము 825 డాలర్లు. ప్రత్తి 48, పాలియెస్టరు 52 పాళ్లైనచో 1,600 డాలర్లు. నాలుగు పాళ్ల నూలు తాఱుమాఱైనందుకు 775 డాలర్లు నష్టము.

రెండును సరిగా ఏబదేసి పాళ్లైనచో నేమి? అపుడు పట్టికలో సంఖ్యాక్రమమున జివర వచ్చు నూలే నెగ్గును. ప్రత్తి 52వ యధ్యాయము. కృత్రిమ నూళ్లు 54, 55 అధ్యాయములు. కాబట్టి సరిసమానమైన బట్ట కృత్రిమమగును, 32 వంతున సుంకము చెల్లింపవలెను. మఱియొక చిక్కు వినుడు. ప్రత్తి 40, పాలియెస్టరు 35, విస్కోసు 25 పాళ్లు గల బట్టలో ప్రత్తియే యధికమని వర్తకుడు తలచును. కాని 54, 55 అధ్యాయములు మఱియొక యధ్యాయముతో బోటీపడునపుడు ఆ రెండింటిని నొక్కటిగా గణింపవలెనని విధి యున్నది. పాలియెస్టరు, విస్కోసు రెండును వానికే చెందినవగుటచే అవి కలిసి 60 పాళ్లగును. ప్రత్తి యోడిపోవును. ఇద్దఱు తమ్ములు వేఱువేఱుగా జూచినచో అన్నకంటె దక్కువవారే. ఉమ్మడిగా నిలిచినచో అన్నకంటె నెక్కువ.

వెల యెక్కువైనంతమాత్రమున సుంకపు వంతు ఎక్కువ గాదనుటకు మఱియొక యుదాహరణము. కాశ్మీరపు మేకబొచ్చుతోడనే పూర్తిగా నల్లిన స్వెట్టరు మిక్కిలి ఖరీదైనది. అమెరికా పట్టికలో దానికి నూటికి 4. సామాన్యుడు ధరించు గొఱ్ఱెబొచ్చు స్వెట్టరుకు నూటికి 16. పాలియెస్టరు స్వెట్టరుకు 32. పట్టిక ధర్మశాస్త్రము గాదు. ఆయా కాలములందు ఆయా పరిశ్రమల రక్షణకై ప్రభుత్వములు చేసిన యొప్పందముల ఫలము.

ఈ వంతులన్నియు ఆ పట్టికయందలి సాధారణపు వంతులు. వానిపైని అదనపు సుంకములు ఇటీవలి సంవత్సరములలో వేయబడుచు, తీయబడుచు నున్నవి. 2025 ఆగస్టులో భారతదేశపు సరకులు పెక్కింటిపై అట్టి యదనపు సుంకము నూటికి 50 వఱకు బోయినది. పైకప్పు మాఱినను పునాది యీ వర్గీకరణమే.

ఇక నియమములు పరస్పరము విరోధించినపుడేమి చేయవలెను? ఇందుకై పట్టికకు ఆరు వ్యాఖ్యానసూత్రములు గలవు. విభాగముల, అధ్యాయముల పేర్లు గుర్తునకు మాత్రమే, శీర్షికల మాటలును టిప్పణులును ప్రమాణమని మొదటి సూత్రము. మూడవ సూత్రము వ్యాకరణము చదివినవారికి మిక్కిలి పరిచితముగా దోచును. ఒక వస్తువునకు రెండు శీర్షికలు తగిలినచో, సామాన్యముగా జెప్పినదానికంటె విశేషముగా జెప్పినది బలవత్తరము. అట్లు తేలనిచో వస్తువునకు ప్రాణమువంటి గుణమేదియో దానిని బట్టి నిర్ణయింపవలెను. అదియు గుదరనిచో సంఖ్యాక్రమమున జివరిదానిని గ్రహింపవలెను. ఉత్సర్గముకంటె నపవాదము బలీయమనియు, తుల్యబలముగల రెండు సూత్రములు విరోధించినపుడు పరసూత్రము ప్రవర్తించుననియు మన వైయాకరణులు చెప్పుదురుగదా. పరసూత్ర ప్రాబల్యమును పాణిని మహర్షి అష్టాధ్యాయిలోనే విధించెను. బ్రస్సెల్సు పండితులు పాణినీయమును జూచి వ్రాసిరని నేననను. నియమములతో లోకమును గట్టదలచినవారెవ్వరైనను చివరికి ఈ యుపాయములకే రావలసియుండునని మాత్రము చెప్పవచ్చును.

ఒక యుదాహరణము వ్యాజ్యరూపమున గలదు. చేతులులేని అల్లిక పైతొడుగునకు లోపలివైపున వక్షమునకు ఆధారమగు పట్టీ కుట్టబడియుండెను. దిగుమతి చేసికొన్న విక్టోరియాస్ సీక్రెట్ డైరెక్ట్ అను వర్తకసంస్థ, ఆధారమిచ్చు గుణమున్నది గనుక ఇది 6212 శీర్షికయందలి లోదుస్తులవంటిదని వాదించెను. సుంకపు శాఖ యొప్పుకొనలేదు. వివాదము న్యాయస్థానమునకెక్కెను. 2014లో నమెరికా ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. 6212లో బేర్కొనబడిన వస్తువుల ప్రధానప్రయోజనము శరీరమునకు ఆధారమొసగుట. ఈ దుస్తు ఆధారమొసగుటయే గాక పైకి గనబడు వస్త్రముగా దేహమును గప్పుచున్నది. కావున ఆ జాతికి జెందదు, 6114 శీర్షికయందలి ఇతర దుస్తులలో జేరునని తేల్చెను. లక్షణము చెప్పునపుడు అతివ్యాప్తి దోషము రాగూడదని తార్కికులు హెచ్చరింతురు. ఒక గుణము కలసినంతమాత్రమున జాతి కలియదు.

జతలుగా నమ్ము దుస్తుల విషయమున గూడ తొందరపడరాదు. వేఱువేఱు శీర్షికలకు జెందిన దుస్తులను ఒకే పెట్టెలో బెట్టి యమ్మినంతమాత్రమున నవి యొక్క వస్తువు గాజాలవు. దేని శీర్షిక దానిదే. ఒకే బట్టతో గుట్టి, పైభాగమునకు నొకటి, క్రిందిభాగమునకు నొకటి రెండు చేర్చి యమ్ము కొన్ని జతలకు మాత్రమే 6104లో ప్రత్యేకస్థానమున్నది. టీ షర్టు చేరిన జతకు ఆ గౌరవము లేదు.

సుంకము తగ్గునట్లు వస్త్రమును రూపొందించుట నేరమా? కాదు. పందొమ్మిదవ శతాబ్దమున రంగును బట్టి చక్కెరకు సుంకము వేయుచుండిన కాలమందు, తయారీలోనే చక్కెరను నల్లగా జేసి తెచ్చిన వర్తకునిపై వ్యాజ్యము నడిచినది. సరకు రేవున నెట్లున్నదో యట్లే సుంకము వేయవలెనని యమెరికా సర్వోన్నత న్యాయస్థానము పలికెను. కాబట్టి నిజముగా నంచుపట్టీ అల్లుట, నిజముగా ప్రత్తిపాలు పెంచుట న్యాయమే. కాని 48 పాళ్లున్న ప్రత్తిని 52 అని వ్రాయుట అసత్యము. మన దేశమున 1962 నాటి కస్టమ్సు చట్టమును బట్టి యట్టి తప్పుడు ప్రకటనకు సరకు జప్తగుటయు, జరిమానా పడుటయు సంభవించును. 2011 నుండి దిగుమతిదారుడే తన సరకునకు శీర్షికను, సుంకమును నిర్ణయించుకొని పత్రము దాఖలు చేయవలెనని విధి యేర్పడినది. అధికారి దానిని పరీక్షించును. అందుచే నెఱుగకపోతినని చెప్పి తప్పించుకొను మార్గము సన్నగిల్లినది.

సందేహము గలవానికి సన్మార్గమొకటి యున్నది. అది ముందుగా నడుగుట. అమెరికా కస్టమ్సు శాఖకు నమూనా దుస్తును, నూలు పాళ్ల వివరమును పంపినచో, న్యూయార్కునందలి నిపుణులు సాధారణముగా 30 దినములలో శీర్షికను వ్రాతపూర్వకముగా దెలుపుదురు. ఆ యుత్తరములు బహిరంగముగా బ్రకటింపబడును. అందు ప్రతి దుస్తును గూర్చియు నెంత నూలు, ఏ యల్లిక, ఎట్టి మెడ, ఎట్టి చేతులు, అంచెట్లున్నది యను వర్ణనము ముందుండి, ఆపైని శీర్షికయు సుంకమును జెప్పబడియుండును. తన దుస్తునకు బోలిన దానిని వెదకి చదువుకొనుటకు నెవ్వరికిని రుసుము లేదు. మన దేశమునకు దిగుమతి చేసికొనువారు 2021 జనవరినుండి ఢిల్లీ, ముంబాయి నగరములలో బనిచేయుచున్న కస్టమ్సు ముందస్తు నిర్ణయ సంస్థల నాశ్రయింపవచ్చును.

మన దేశపు దిగుమతులలో గూడ ఈ వర్గీకరణమెంత గట్టి ప్రభావము గలదో తెలుపుటకు ఒక్క ముచ్చట. దుస్తులు 61వ యధ్యాయమైనచో, దుస్తులుగా కుట్టని అల్లికబట్ట తానులు 60వ యధ్యాయము. చౌకవెల చూపి వచ్చు అల్లికబట్టల తాకిడికి ఇచ్చటి యల్లికవారు నష్టపోవుచున్నారని మొఱ్ఱ వచ్చుచుండెను. 2025 ఫిబ్రవరి నాటి కేంద్రప్రభుత్వపు ఆదాయవ్యయ పట్టికలో తొమ్మిది పద్దుల అల్లికబట్టలకు సుంకమును, నూటికి 20 వంతు గాని, కిలోకు 115 రూపాయలు గాని, ఏది యెక్కువయైన నది యని మార్చిరి. కిలో 200 రూపాయలని చూపిన బట్టకు నూటికి 20 చొప్పున 40 రూపాయలే యగును. ఇపుడు 115 చెల్లింపవలెను. కిలో 700 రూపాయల బట్టకు 140 రూపాయలగును గాన నదియే నిలుచును. వెల తగ్గించి వ్రాయువానికి ఫలము లేకుండ జేయు నుపాయమిది. కాని యా రక్షణము తొమ్మిది పద్దులకు మాత్రమే. ప్రక్క పద్దులోనికి జాఱిన బట్టకు వర్తింపదు. అందుచేతనే పద్దు సంఖ్యపై నింత పోరాటము.

పెద్దలారా, మీ యూరినుండి యెవరైనను ఈ వ్యాపారమునకు దిగదలచినచో నాలుగు ప్రశ్నలు వేయుడు. బట్ట అల్లినదా, నేసినదా? దుస్తు ఎవరిది? దాని పేరేమి, జేబు, అంచు, కన్నులు చూచినావా? నూలు పాళ్లను పరీక్షాశాలలో తూయించి కాగితము తెచ్చితివా? ఈ నాలుగింటికి సమాధానమున్నచో వెల మాటలాడుట సమంజసము. లేనిచో వెల మాటలాడుట గాలిలో మూట గట్టుటయే. వెల కుదిరిన పిమ్మట పేరు వెదకువాడు తన లాభమును రేవున విడిచి వచ్చును. ఆ లాభములో నల్లికయంత్రము కడ నిలిచి పనిచేసిన యాడుబిడ్డ కూలియు గొంత కలిసి పోవును. నూలు వడికినవారు, అల్లినవారు, కుట్టినవారు తమ పని తాము సరిగానే చేసిరి. పేరు పెట్టువాడును తన పని సరిగా జేయవలెననుటయే నా విన్నపము.